జపాను కన్నం: విశాఖ తీరంలో ఒక వేసవి ఇంటి కేస్ స్టడీ

విశాఖపట్నం మహారాణిపేటలో, బీచ్ రోడ్డుకు ఒక వరస వెనకగా ఉన్న పాత ఇల్లు ఇది. 1930 ప్రాంతంలో, హార్బరు పని జోరుగా సాగుతున్న రోజుల్లో, ఓడ సరుకుల క్లియరింగ్ వ్యాపారం చేసే పెద్దాయన కట్టించుకున్నాడు. ఇప్పుడు హక్కుదారులు ఆరుగురు. అందరూ ఆయన మనవలు, మనవరాళ్ళు. డెవలప్‌మెంటుకు ఇచ్చేసి తలా ఒక ఫ్లాటు తీసుకుందామని కొందరు, బాగు చేయించి ఉంచుకుందామని కొందరు. ఏ విషయంలోనూ ఏకాభిప్రాయం లేని ఆ ఆరుగురూ ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పారు. సముద్రం వైపు గోడకి ఉన్న కన్నం 1942లో జపాను బాంబు ముక్క తగిలి పడిందట. ఇల్లు కూల్చాల్సి వచ్చినా సరే, ఆ గోడ ముక్కని జాగ్రత్తగా కోయించి ఫ్రేము కట్టించుకుంటానని ఒకాయన నాతోనే అన్నాడు.

నేను పాత ఇళ్ళ మరమ్మతులు చేసే ఆర్కిటెక్టుని. నాకు అప్పజెప్పినవి మూడు పనులు: ఇంటి పరిస్థితి మీద రిపోర్టు, మరమ్మతు అంచనా, ఇంట్లో యుద్ధకాలపు గుర్తులు ఏవేవి ఉన్నాయో తేల్చి రికార్డు చేయడం. మొదటి రెండూ ప్రతి పాత ఇంటికీ చేసేవే. ఈ రాత చాలావరకు మూడోదాని గురించి. కుటుంబం ఒప్పుకోబట్టే రాస్తున్నాను. పేర్లు, డోర్ నంబరు ఇవ్వడం లేదు.

ముందు ఆ ఏడాది ఏం జరిగిందో కొంత చెప్పాలి, ఎందుకంటే విశాఖలోనే పుట్టి పెరిగినవాళ్ళలో కూడా చాలామందికి ఇది తాతల కబురుగానే తెలుసు. 1942 మార్చి మొదట్లో రంగూను జపాను చేతికి చిక్కింది. మార్చి 23న అండమాన్లు పోయాయి. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద దాడి. మర్నాడు సోమవారం, ఏప్రిల్ 6న, బంగాళాఖాతంలోకి వచ్చిన జపాను అడ్మిరల్ ఒజావా నౌకాదళంలోని 'ర్యూజో' అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖలో వాళ్ళ గురి ప్రధానంగా హార్బరు. ఆ వారంలోనే ఇదే దళం బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడల్ని ముంచేసింది. ఊరు ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయి 1946లో గానీ తిరిగి రాలేదు. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద తీరం వెంబడి ఎన్నో ఇళ్ళు సైన్యం అవసరాలకి తీసుకున్నారు. మన ఇల్లు అలా పోయినవాటిలో ఒకటి.

మాటలు ముందు, గోడ తర్వాత

ఇలాంటి ఇళ్ళలో నేను పాటించే వరస ఒకటుంది. ఇంటివాళ్ళని గోడ దగ్గర నిలబెట్టి మాట్లాడించను. గోడ కనిపిస్తే జ్ఞాపకం దాని చుట్టూ సర్దుకుంటుంది. అందర్నీ ఒకచోట కూర్చోబెట్టను కూడా; పెద్ద గొంతున్న బావగారి కథే అందరి కథా అయిపోతుంది. ఒక్కొక్కరినీ విడివిడిగా, ఇంటికి దూరంగా కలుస్తాను. “ఏం జరిగింది” అని కాకుండా, “నువ్వెక్కడ నిలబడ్డావు, అది నీకు ఎంత ఎత్తున ఉండేది, చెయ్యి పెడితే ఎంత పట్టేది” అని అడుగుతాను. చిన్నప్పటి సంగతులు తారీకుల్లో గుర్తుండవు, ఒంటికి గుర్తుంటాయి.

ఈ ఇంటికి మూడు వయసుల సాక్షులు దొరికారు. పెద్దాయన పెద్దకూతురు, తొంభైకి అటూ ఇటూగా ఉన్నావిడ. ఇంట్లో అందరూ మామ్మగారంటారు. 1942 నాటికి ఎనిమిదేళ్ళ పిల్ల. ఆయన ఆఖరి కూతురు 1971 నాటికి కాలేజీ చదువు ముగించి ఇంట్లో ఉంది. ఆ తర్వాత మనవల సైన్యం. 1974 నుంచి 1986 దాకా ప్రతి ఎండాకాలం సెలవులకీ హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వాల్తేరు స్టేషన్లో దిగి, రెండు నెలలు ఆ ఇంట్లోనే పడి ఉన్నవాళ్ళు.

మనవల దగ్గర కబుర్లు ఎడతెగనివి. మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్ళేదాకా బయటికి పంపని నానమ్మ. హాల్లో వరసగా చాపలు. సాయంత్రం జాలరిపేట వైపు నుంచి వచ్చే తాటి ముంజల బుట్ట. ఇసక కాళ్ళతో లోపలికొస్తే గుమ్మంలోనే చెంబుడు నీళ్ళు. ఇవన్నీ రికార్డు చేశాను, అవసరం ఉన్నా లేకపోయినా. వీటి మధ్యలో యుద్ధం తాలూకు ముక్కలు నాలుగు పదే పదే వచ్చాయి: జపాను కన్నం, అటక మీది నల్ల అద్దాలు, పెరట్లో గొయ్యి, చావడి గది అడుగున తారు. నలుగురు మనవలు నాలుగు చోట్ల కూర్చుని చెప్పినా ఆ నాలుగూ తప్పలేదు. పెద్ద బావ, అంటే అందరిలోకీ పెద్ద మనవడు, ఆ కన్నంలో చెయ్యి పెట్టనివ్వడానికి తలకి ఐదు చింతపిక్కలు వసూలు చేసేవాడట. లోపల బాంబు ఇంకా ఉందని, చెయ్యి పెడితే పేలవచ్చని బెదిరింపు కూడా.

మామ్మగారి మాటలు వేరే దారిలో నడిచాయి. “చప్పుడు వినబడగానే మా అమ్మ పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే వదిలీసి మమ్మల్ని పందిరిమంచం కిందకి దూర్చీసింది. కాకులు ఒకటే గోల. ఆ వారంలోనే కొత్తవలస దాకా రైల్లో, అక్కణ్ణుంచి బళ్ళ మీద శృంగవరపుకోట వెళ్ళిపోయాం. నాలుగేళ్ళు అక్కడే. తిరిగొచ్చీసరికి ఇల్లంతా కిరసనాయిలు కంపు. నా బొమ్మల బీరువా లేదు. కట్టెలకింద కొట్టీసుంటారు.” ఆ బీరువా గురించి ఆవిడ ఎంతసేపు చెప్పిందో చెప్పలేను. తలుపుకి చిలకలు, లోపల అద్దం ముక్క, తాళం చెవి మాత్రం ఇప్పటికీ ఉంది, చూపించింది కూడా. కన్నం ఊసు ఒక్కసారీ రాలేదు. చివర్లో నేనే అడిగాను. “కన్నవా? మా నాన్నగారి హయాంలో అలాంటిదేం లేదే” అంది, కొంచెం చిరాగ్గా, తన ఇంటిని ఎవరో తప్పుబట్టినట్టు.

పెద్దాయన పోయింది 1960ల్లో.

ఆఖరి కూతురు చెప్పిన యుద్ధం మరొకటి. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, అంటే నాలుగో తారీకు మొదలయ్యాక, సముద్రం వైపు పెద్ద పేలుడు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముందు మునిగిపోయిన రాత్రి అది. మన నౌక రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ళలోకి దిగి పేలే బాంబుల) వల్లా, లోపలే ఏదో పేలడం వల్లా అన్న వాదన రెండు దేశాల మధ్యా ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఈవిడకి తెలిసింది ఇంతే: కిటికీలు గడగడలాడాయి, వెంటిలేటరు అద్దం ఒకటి పగిలింది, పొద్దున్న వాళ్ళన్నయ్య పెంకులు ఎక్కి చూసి “నలభై రెండులో లాగే ఉంది” అన్నాడు. బ్లాకౌటు కోసం, అంటే రాత్రిళ్ళు ఇంటి వెలుగు బయటికి కనబడకుండా, అద్దాలకి గోధుమరంగు కాగితాలు అంటించింది తనే. మైదా పిండి జిగురు కాచింది కూడా తనే.

మనవలు ఈ ఇంట్లో వేసవులు గడిపేనాటికి పెద్దవాళ్ళు రెండు యుద్ధాలనీ కలిపేసి చెబుతున్నారు. 1942లో ఏమైందో, 1971లో ఏమైందో విడదీసి చెప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పిల్లలకి కావల్సింది భయపడటానికి ఒక కథ.

కన్నం సైజు

అసలు ఆధారం మనవల మాటల్లోనే దొరికింది, అదీ వాళ్ళు ఆధారమని అనుకోని చోట.

పెద్ద మనవడు 1974లో పదేళ్ళవాడు. అప్పట్లో కన్నంలో రెండు వేళ్ళే పట్టేవన్నాడు, అందుకే లోపల ఏముందో తెలిసేది కాదని. అతని తర్వాతి చెల్లెలు 1979 వేసవి గురించి చెబుతూ మూడు వేళ్ళు జొనిపితే గరుకుగా ఏదో తగిలేదంది. అందరిలోకీ చిన్నది 1986లో ఆరేళ్ళ పిల్ల. గుప్పిట మొత్తం లోపలికి వెళ్ళేదంది. చిన్నపిల్ల గుప్పిట చిన్నదే కదా అనుకోవచ్చు. ఆ లెక్కా వేశాను. పదేళ్ళ కుర్రాడి రెండు వేళ్ళంటే వెడల్పు అంగుళం పైన కొంచెం. ఆరేళ్ళ పిల్ల గుప్పిటంటే రెండంగుళాల పైమాటే. పన్నెండేళ్ళలో కన్నం పెరిగింది.

బాంబు ముక్క చేసిన కన్నం పెరగదు. అంచులు కొంత రాలొచ్చు, అంతే.

ఒక కుటుంబ ఫోటో ఈ మాటని బలపరిచింది. 1979 వేసవి అని వెనక పెన్సిలుతో రాసి ఉంది. తూర్పు గోడ ముందు పిల్లలంతా ఎండకి కళ్ళు చికిలించి నిలబడ్డారు. ఒక పిల్లాడి చెవి పక్కన కన్నం. కిటికీ చట్రం వెడల్పు ఇప్పటికీ మారలేదు కాబట్టి దాన్ని కొలబద్దగా తీసుకుంటే, ఆనాటి కన్నం ఈనాటి దానిలో సగం కూడా లేదు. ఇంకొకటి: ఫోటోలో కన్నం నుంచి కిందికి ముదురు చార కనిపిస్తుంది. నలుపు తెలుపు ఫోటో కాబట్టి రంగు తెలియదు గానీ, అది కారిన మరక.

అప్పుడు గోడ దగ్గరికి వెళ్ళాను.

పునాది నుంచి కిటికీ గడప దాకా ఖొండలైటు రాయి. ఈ ప్రాంతపు కొండలు చాలావరకు అదే. దగ్గరగా చూస్తే ఎర్రటి గోమేధికం చుక్కలు కనిపిస్తాయి. ఆ పైన సున్నంతో కట్టిన ఇటుక. మద్రాసు టెర్రస్ కప్పు, వెనక వసారాకి బెంగుళూరు పెంకులు. తూర్పు గోడకి 1990ల్లో ఎవరో సలహా ఇచ్చారని సిమెంటు ప్లాస్టరు కొట్టించారు. సముద్రపు ఒడ్డున సున్నపు గోడకి సిమెంటు పూయడం కన్నా హాని ఇంకొకటి లేదు, అయినా ఆ ఊళ్ళో ప్రతి మూడో పాత ఇంటికీ అదే వైద్యం. ఉప్పుకి ఒక గుణం ఉంది. గాలిలో తేమ డెబ్భై అయిదు శాతం దాటితే కరుగుతుంది, దిగితే గడ్డకడుతుంది. విశాఖ గాలి ఏడాదిలో చాలా రోజులు ఆ గీతకి అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. గడ్డకట్టినప్పుడల్లా ఇటుకని లోపలినుంచి నెడుతుంది. సున్నపు పూత అయితే తాను రాలిపోయి ఇటుకని కాపాడుతుంది. సిమెంటు రాలదు, ఇటుక పిండవుతుంది.

కన్నం చుట్టూ పగుళ్ళు గుండ్రంగా లేవు. కన్నం నుంచి అడ్డంగా, రెండు వైపులకీ, ఒకే మట్టంలో సాగాయి. అంచులు లోపలికి నలగలేదు, బయటికి ఉబ్బి విడిపోయాయి. బయటినుంచి ఏదైనా తగిలితే ఇలా ఉండదు. అయస్కాంతం దగ్గర పెడితే పట్టుకుంది. కాంక్రీటులో ఇనుము వెతికే మీటరుతో గోడంతా తడిమితే, అదే ఎత్తున మరో మూడు చోట్ల కూత వినిపించింది, ఒక్కో కిటికీకి ఇటొకటి అటొకటి. ప్లాస్టరు గోకి చూస్తే నాలుగూ ఒకే తరహా కొక్కేలు. గోడలోకి దిగగొట్టి, కొస పైకి వంచినవి. తుప్పు పట్టిన ఇనుము మొదటి పరిమాణం కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. గోడలో బిగించి ఉంటే గోడే పగలాలి. మూడు కొక్కేలు సన్ షేడు చాటున ఉండి నెమ్మదిగా తుప్పు పట్టాయి. నాలుగోది వాన కారే మూలన ఉంది. ముందు అది పగిలింది, పిల్లల వేళ్ళకి దొరికింది.

ఇంటి కట్టుబడంతా సున్నమే, కానీ ఈ కొక్కేల చుట్టూ నింపింది సిమెంటు. అంటే ఇల్లు కట్టినప్పటివి కావు. మరి ఎప్పటివి? పాత ఇళ్ళలో గోడ సున్నమే క్యాలెండరు. సాలీనా ఒక పూత వేయించే ఇల్లయితే పొరలు లెక్కపెట్టుకోవచ్చు. బ్లేడుతో వాలుగా గోకి, భూతద్దం కింద చూస్తే తెలుపు, నీలిమందు కలిపిన తెలుపు, మధ్యలో మసి గీత, మళ్ళీ తెలుపు. చావడి గదిలో మూడడుగుల ఎత్తున తారు పట్టీ ఏ సున్నపు పొర మీద వేశారో, కొక్కెం చుట్టూ సిమెంటు కూడా అదే వరస పొర మీద కూర్చుంది. ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు సున్నం పొరలే లేవు; తారు మీద పలచటి డిస్టెంపరు మాత్రం ఉంది. ఇంటివాళ్ళు శృంగవరపుకోటలో ఉన్న కాలం అది.

కొక్కేలు సైన్యం వేసినవే. రాత్రిళ్ళు సముద్రం వైపు వెలుగు కనబడకుండా కిటికీకి అడ్డంగా చెక్క పలకలు ఆనించడానికి అయి ఉండాలి; కొస వంపు, ఒకదానికొకటి ఉన్న దూరం అందుకే సరిపోతాయి. సముద్రం మీది ఓడకి తీరపు దీపాల వరస ఎంత పనికొస్తుందో అప్పటి అధికారులకి బాగా తెలుసు.

అంటే కన్నం జపాను బాంబుది కాదు. కానీ యుద్ధం లేకపోతే ఆ కన్నమూ లేదు.

నల్ల అద్దాలు, గొయ్యి

ట్రంకు పెట్టెలో ఒక కార్బన్ కాపీ దొరికింది. 1946లో ఇల్లు తిరిగి అప్పగించినప్పటి సామాను జాబితా, టైపు చేసింది, కింద పెద్దాయన సంతకం. పంకా కొక్కేలు ఇన్ని, తలుపు గడియలు ఇన్ని, లేని తలుపులు రెండు, “రంగు పూసిన వెంటిలేటరు అద్దాలు 14”. బొమ్మల బీరువా ప్రస్తావన జాబితాలో లేదు. మామ్మగారికి చదివి వినిపిస్తే “రాయరు మరి” అంది.

ఆ పద్నాలుగులో ఎక్కువ భాగం 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీసుకుపోయింది. మిగిలిన రెండు సామాన్ల గదిలో, పాత పరుపుల మధ్య ఉన్నాయి. మసి అనుకుని కడిగేద్దామని పనిమనిషి బకెట్టులో పెట్టబోతుంటే ఆపించాల్సి వచ్చింది. లోపలి వైపు నల్ల రంగు, దాని మీద చింపగా మిగిలిన గోధుమ కాగితపు అంచులు. కాగితం కింది జిగురు మీద ఒక చుక్క అయొడిన్ వేస్తే ముదురు నీలానికి తిరిగింది. పిండి జిగురు. కాలేజీ అమ్మాయి కాచిన మైదా అది. ఒకే అద్దం మీద కింద 1942, పైన 1971, పొర మీద పొర. ఇంత శుభ్రంగా రెండు బ్లాకౌట్లు కలిసి దొరకడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక అద్దం మధ్యలో, కాగితం లేని చోట, నల్ల రంగు మీద రూపాయి బిళ్ళంత మేర సన్నటి గీతలతో గోకేసి ఉంది. పత్రాల్లో దీనికి వివరణ లేదు. 1979 చెల్లెలే చెప్పింది, నవ్వుతూ: అటక ఎక్కి, హెయిర్‌పిన్నుతో గోకి, అందులోంచి ఓడలు చూసేవాళ్ళు. మధ్యాహ్నం బయటికి పంపేవారు కాదు కదా. అది కూడా రికార్డులో రాసుకున్నాను. యుద్ధకాలపు పూతకి పిల్లలు చేసిన నష్టం అని రాయమని ఒక జూనియరు సూచించాడు, రాయలేదు. సెలవుల్లో ఆ ఇల్లు ఎలా వాడుకలో ఉందో చెప్పే ఆధారాల్లో అదొకటి.

గొయ్యి వెతకడానికి ఎక్కువ శ్రమ పడ్డాం. పిల్లలకి అది దొంగాటకీ, నానమ్మకి మామిడికాయలు గడ్డిలో ముగ్గవేయడానికీ పనికొచ్చింది. “ఆ గోతిలో తేళ్ళుండీవి బాబూ, సెప్తే ఇనీవోరు కాదు గుంటలు” (గుంటలంటే పిల్లలు) అన్నాడు చిన్నప్పట్నుంచీ ఆ తోట చూసిన ముసలాయన. 1980ల చివర సెప్టిక్ ట్యాంకు కట్టినప్పుడు పూడ్చేశారు. ఎక్కడన్నది తలా ఒక చోట చూపించారు. ఆకారం మాత్రం అందరూ చేత్తో గాలిలో ఒకేలా గీశారు: కొంత తిన్నగా, మలుపు, మళ్ళీ తిన్నగా, మళ్ళీ మలుపు. దాక్కోవడానికి ఆ మలుపులే బాగుండేవట. చెత్తకో ఎరువుకో తవ్విన గొయ్యి అలా ఉండదు. పేలుడు గాలి గొయ్యంతా పారకుండా వంకర్లు పెట్టి తవ్వడం ఎయిర్ రెయిడ్ ట్రెంచికే, అంటే విమాన దాడిలో తలదాచుకునే కందకానికే. ఇనుప చువ్వ దింపుతూ పోతే, గట్టి నేల మధ్య మెత్తటి పూడిక అదే వంకరతో దొరికింది. పైన వేసిన నాపరాళ్ళు కూడా ఆ వరసలోనే కొద్దిగా కుంగాయి. ఒక మలుపు దగ్గర మాత్రం తవ్వించాం. ఇసక నేల నిలవదు కాబట్టి పక్కలకి సరుగుడు గుంజలు పాతి, తారు డ్రమ్ముల రేకు చీల్చి ఆనించారు. గుంజలు చివికిపోయి నల్లటి గుండ్రాల మరకలే మిగిలాయి. రేకు ముట్టుకుంటే పొడయింది. ఎవరు తవ్వించారన్న దానికి మామ్మగారి మాట ఉంది: వెళ్ళేటప్పటికి పెరట్లో అరటి బోదెలు, వచ్చేటప్పటికి గొయ్యి.

తవ్విన చోట కొలతలు, ఫోటోలు తీసుకుని మళ్ళీ పూడ్పించాను.

ఇంటివాళ్ళకి చెప్పడం

పెద్ద మనవడికి నచ్చలేదు. “అంటే మేం చిన్నప్పుడు విన్నదంతా అబద్ధమా మాస్టారూ?” అని అడిగాడు. అరవై ఏళ్ళ మనిషి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగినాయన, మొహం చిన్నబుచ్చుకున్నాడు. కన్నం పెరిగిందని పట్టించింది అతని రెండు వేళ్ళేనని చెప్పాను. అది కొంత పని చేసింది.

ఈ రంగంలో రెండు రకాల తొందర చూస్తుంటాను. హెరిటేజ్ నడకలు నడిపేవాళ్ళకి ప్రతి పాత గోడ మీదా బాంబు గుర్తు కావాలి. మా ఇంజనీర్లలో కొందరికి ఇంటివాళ్ళ కథ తప్పని తేల్చడంలో మహా సరదా. రెండోదే ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే కథ తప్పని తేలిన మర్నాడే ఇంటివాళ్ళు గోడని వదిలేస్తారు. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాటి జపాను బాంబు ఉంది, ఒడ్డున ఇసకలో ఆ కాలపు పిల్‌బాక్సు (సైనికులు లోపల ఉండి కాల్చే కాంక్రీటు గూడు) ఉంది. దాడికి రుజువు ఈ గోడే ఇవ్వనక్కర్లేదు. ఈ గోడ ఇచ్చేది వేరే సంగతి: దాడి తర్వాతి నాలుగేళ్ళలో ఒక ఇల్లు ఏమైంది, ఆ తర్వాత పిల్లలు దాన్నేం చేసుకున్నారు. దీనికి మ్యూజియాల్లో చోటు లేదు.

రిపోర్టులో ప్రతి గుర్తుకీ రెండు పేరాలు పెట్టాను. ఒకటి గోడ పరీక్షలో తేలింది, రెండోది కుటుంబం చెప్పుకునేది, ఎవరు ఏ ఏడాది నుంచి అలా చెబుతున్నారో సహా. రెండింటినీ కలిపి ఒక వాక్యం చేయమని ఇద్దరు వారసులు అడిగారు. చేయలేదు. “జపాను కన్నం” అన్న పేరు అలాగే ఉంచాను; ఆ ఇంట్లో దానికి వేరే పేరు లేదు.

మరమ్మతు

తూర్పు గోడ సిమెంటు ప్లాస్టరు మొత్తం ఉలితోనే తీయించాం, మెషీను పెట్టనివ్వలేదు. పిండయిన ఇటుకల్ని మార్చి, తడి కాగితపు గుజ్జు పట్టీలు వేసి ఉప్పు లాగించి, ఆరాక గానుగ సున్నం పూత. చాటున ఉన్న మూడు కొక్కేలూ తీసేశాం. ఉంచితే మరో పదేళ్ళకి అవీ పగలగొడతాయి. కన్నం దగ్గర చర్చ నడిచింది. తుప్పుని అలాగే వదిలితే కన్నం ఇంకా పెరుగుతుంది, పూడ్చేస్తే పోయేది ఇదే. ఇనుము తీసి పెట్టెలో పెట్టించి, కన్నాన్ని ఉన్న సైజులో ఉంచి, అడుగు అంచు మాత్రం నీళ్ళు బయటికి జారేలా సున్నంతో వాలు పెట్టించాను. మీదుగా చిన్న రాతి చూరు. తారు పట్టీ ఒక మూల రెండడుగుల మేర వదిలి మిగతాచోట పూత వేశాం. అద్దాలు రెండూ చెక్క చట్రాల్లో బిగించి లోపలి గదుల్లో, ఎండ తగలని గోడలకి పెట్టించాం. ఒకటి పగిలితే రెండోది ఉండాలని, వేర్వేరు గదుల్లో.

డెవలప్‌మెంటు మాటకొస్తే, స్థలం సీఆర్‌జెడ్ (సముద్ర తీరంలో కట్టడాల్ని నియంత్రించే మండలం) రెండో కేటగిరీలో, ఇప్పటికే ఉన్న రోడ్డుకి ఊరి వైపున ఉంది. అక్కడ స్థానిక నిబంధనలకి లోబడి కట్టుకోవచ్చు, కాబట్టి “ఎలాగూ కట్టనివ్వరు” అన్న వాదన నిలవదు. అది నేనే చెప్పాల్సి వచ్చింది, ఇల్లు ఉంచాలన్నవాళ్ళకి కోపం వచ్చినా. నలుగురు మరమ్మతు ఖర్చు పంచుకోవడానికి సంతకం పెట్టారు. ఇద్దరు తమ వాటా విలువ కట్టి ఇచ్చేయమంటున్నారు. విలువ దగ్గర పేచీ ఇంకా తెగలేదు, లాయరు దగ్గర ఉంది. రికార్డు కాపీలు ఆరుగురికీ ఇచ్చాను. మామ్మగారి కాపీలో, ఆవిడ అడిగిందని, సామాను జాబితా కింద బొమ్మల బీరువా కొలతలు ఆవిడ చెప్పినట్టే రాసి జత చేశాను. వానాకాలం వెళ్ళాక తూర్పు గోడలో ఉప్పు మళ్ళీ కొలవాలి. కొత్త పూత మొదటి రెండు మూడేళ్ళు బాగానే రాలుతుంది. ఊడ్చి పారేయమని, కంగారు పడి మళ్ళీ సిమెంటు మేస్త్రీని మాత్రం పిలవొద్దని వాళ్ళకి కాగితం మీద రాసిచ్చాను.